గోడ తాగిన నీళ్లు

"పోయినేడే కదా సిమెంటు పూయించినాం, మళ్లీ పెళ్లలు పెళ్లలు ఊడుతుందేంది?"

కర్నూలు పాతబస్తీలోనూ, ప్రొద్దుటూరు, ఆదోని, జమ్మలమడుగు పాత వీధుల్లోనూ తాతలనాటి ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్లు ఏదో ఒకనాడు ఈ మాట అనే ఉంటారు. బేల్దారిని అడిగితే ఇసుక బాగలేదంటాడు. ఇసుక తోలినాయన సిమెంటు పాతదంటాడు. సిమెంటు అంగడాయన నీళ్లు సరిగా పట్టలేదంటాడు. తప్పు ఎవరిదో తేలకుండానే ఇంకో నాలుగు బస్తాలు దిగుతాయి, ఊడినచోట ఇంకాస్త మందంగా పూస్తారు. కొన్నాళ్లకు అదీ ఊడుతుంది. ఈసారి జానెడు పైదాకా.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఏడాది మొత్తానికి సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల ఇది. ఎండాకాలం 43, 44 డిగ్రీలు ఇక్కడ వార్త కాదు. తాగడానికే నీళ్లు కరువైన ఊళ్లో గోడలకు చెమ్మ పట్టడమేమిటి? కానీ పాత ఇంటి మరమ్మతుల్లో ఏ గొడవ తీసుకున్నా, పూత ఊడినా, దూలం పుచ్చినా, మూలన బీట పడినా, మిద్దె కురిసినా, తవ్వుకుంటూ పోతే చివరికి నీరే తగులుతుంది. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోంది, ఎటు పోవాలని చూస్తోంది అన్నది తేలకుండా తాపీ పట్టుకుంటే పనీ, డబ్బూ రెండూ వృథా. ఇల్లు తామే బాగు చేసుకుందామని దిగేవాళ్లకు ఈ సంగతి మరీ అవసరం.

ఒక రాయి, మూడు రూపాలు

ముందుగా ఇల్లు దేనితో కట్టారో చూద్దాం. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పాత ఇళ్లలో గోడ అడుగున్నర నుంచి రెండున్నర అడుగుల మందం ఉంటుంది. లోపలొక వరస, బయటొక వరస రాళ్లు. నడుమ చిల్లరాళ్లూ మట్టీ. రాయికీ రాయికీ మధ్య ఉన్నది బంకమట్టి. కలిగినవాళ్ల ఇల్లయితే పైన సున్నపు గిలాబు. కాళ్ల కింద నాప బండలు, నెత్తి మీద దూలాలు, దంతెలు, మట్టి మిద్దె.

నాప బండ, సున్నం, సిమెంటు మూడూ ఒకే రాతి నుంచి వచ్చినవే. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో పలకలు పలకలుగా లేచేది సున్నపురాయి. భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. సముద్రం అడుగున ఈ రాళ్లు పేరుకుంటున్న నాటికి భూమ్మీద చెట్టు లేదు, జంతువు లేదు. ఆ రాయిని పలకగా తీస్తే బండ. దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నం. అదే రాతికి బంకమన్ను చేర్చి 1450 డిగ్రీల దాకా కాల్చి, కాస్త జిప్సం కలిపి పొడి కొడితే సిమెంటు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు 'పోర్ట్‌లాండ్ సిమెంటు' అన్న పేరుతో పేటెంటు తీసుకున్నది 1824లో. ఎర్రగుంట్ల చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వెలవడానికి కారణం అక్కడి నేలలో ఉన్న ఈ రాయే.

స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా, గాలిలో కలుస్తుంది. కాల్చిన సున్నానికి నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుందని తెలిసిందే. గోడకు పూశాక అసలు కథ మొదలవుతుంది. బట్టీలో పోగొట్టుకున్న వాయువును గాలి నుంచి కొద్దికొద్దిగా వెనక్కి తీసుకుంటూ, పైపొరలో నెలల తరబడి, లోపలి పొరల్లో ఏళ్ల తరబడి, సున్నం మళ్లీ రాయిగా మారుతుంది. సిమెంటుకు గాలితో పని లేదు. నీటితోనే బిగుస్తుంది. పూటలో గట్టిపడి, నెల తిరిగేసరికి దాని బలంలో చాలా భాగం తెచ్చేసుకుంటుంది.

బలం ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కొత్త ఇంటికి మంచిదే. పాత గోడకు కాదు. మట్టీ సున్నమూ మెత్తనివి, కంటికి ఆనని రంధ్రాలు నిండా ఉన్నవి. చెమ్మ వాటిలోకి పోతుంది, ఎండ కాయగానే బయటికి వచ్చేస్తుంది. ఎండకు రాయి సాగినా, వానకు మట్టి ఉబ్బినా ఆ పూత కాస్త సర్దుకుంటుంది. సిమెంటు పూతకు ఆ సర్దుబాటు లేదు. లోపల గోడ కదిలినప్పుడు అది సన్నటి నెర్రె ఇస్తుంది. ఆ వెంట్రుకవాసి సందులోంచి వాననీరు లోపలికి దిగగలదు. దిగిన నీరంతా మళ్లీ ఆవిరై బయటికి రావడానికి మాత్రం ఆ సందు సరిపోదు.

సున్నపు పూతకూ నెర్రెలు పడతాయి. కానీ దానికి తనను తాను పూడ్చుకునే గుణం ఉంది. అదెలాగో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలకు పోవాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాతల్లోకెక్కిన ఆ గుహలు నీరు తొలిచినవే. వాననీటిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ నీరు గుహలో గాలి తగిలి వాయువును వదిలేసినప్పుడు, కరిగిన సున్నాన్ని కూడా అక్కడే వదులుతుంది. కప్పు నుంచి రాతి కడ్డీలు వేలాడేది అందుకే. పాత గిలాబులోనూ ఇదే పని చిన్న మోతాదులో నడుస్తుంది. నెర్రెలో చేరిన నీరు పక్కనున్న సున్నాన్ని కరిగించి తెచ్చి ఆ సందులో దించి, సన్నటి నెర్రెలను మూసేస్తుంది.

వత్తి

గోడకు కింది నుంచి చెమ్మ ఎలా ఎక్కుతుందో అర్థం కావాలంటే దీపం ముందు కాసేపు కూర్చుంటే చాలు. నూనె ప్రమిద అడుగున ఉంటుంది, మంట వత్తి మొన మీద ఉంటుంది. నడుమ పంపు లేదు, తోడేవాళ్లు లేరు. నూలు పోగుల మధ్య సన్నటి సందులుండటం వల్ల నూనె వాటిని అంటిపెట్టుకుని పైకి పాకుతుంది. మొన దగ్గర మండి ఖర్చయిపోతున్నంతసేపూ కింది నుంచి వస్తూనే ఉంటుంది. మట్టిగోడలో రేణువుల మధ్య సందులే ఆ నూలు పోగుల సందులు. పునాది చుట్టూ ఉన్న చెమ్మ నూనె. గోడ ముఖానికి తగిలే ఎండా గాలీ మంట. ఈ సంగతినే బడిపుస్తకాలు కేశనాళికీయత అంటాయి. మనం 'సన్నసందుల పాకుడు' అనుకుందాం.

సందు ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తు పాకుతుంది. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న గొట్టంలో సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది. నూరో వంతు వెడల్పుంటే 3 మీటర్లు ఎక్కగలదు. నిజం గోడలో అంత ఎత్తు పోదు, దారిలోనే ఆవిరైపోతుంది గనక. ఎక్కే నీరూ, ఆవిరయ్యే నీరూ సరిసమానమైన చోట చెమ్మ గీత నిలబడుతుంది. మోకాలికీ నడుముకూ నడుమ గోడ రంగు మారే గీత అదే.

ఇప్పుడు వత్తి చుట్టూ గొట్టం తొడిగి మొన మాత్రం బయటికి వదిలితే ఏమవుతుంది? నూనె ఆగదు. నడుమ ఎక్కడా బయటపడే దారి లేక మొన దాకా పోయి అక్కడ తేలుతుంది. గోడకు మూడడుగుల ఎత్తున సిమెంటు పూసినప్పుడు, పలకరాళ్లో టైల్సో అతికించినప్పుడు జరిగేది ఇదే. చెమ్మ ఎండిపోలేదు. పూత వెనకగా ఎక్కి నాలుగో అడుగులో మొహం చూపించింది. 'జానెడు పైదాకా' ఊడటం ఇసుక తప్పూ కాదు, సిమెంటు తప్పూ కాదు.

చెమ్మతోపాటు ఉప్పూ వస్తుంది. ఇక్కడి నేలలో, బోరు నీళ్లలో లవణాలు ఎక్కువని తాగి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. సున్నపు పూత అయితే ఆ ఉప్పు ముఖం మీదికి తెల్లటి పొడిగా వచ్చి చీపురుకు రాలిపోతుంది. సిమెంటు పూత అయితే దాని వెనకాల, పూతకూ గోడకూ నడుమ గడ్డకడుతుంది. స్ఫటికం పెరిగేటప్పుడు తానున్న రంధ్రాన్ని పక్కలకు తోస్తుంది. ఒక్కోటి కంటికి కనపడదు, కానీ అవి లక్షల్లో ఉంటాయి. వానకు కరుగుతాయి, ఎండకు మళ్లీ గడ్డకడతాయి, ఏటేటా అదే తోపుడు. కరువు సీమలో చెమ్మ ఎందుకింత చేటు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గాలి ఎంత పొడిగా ఉంటే గోడ అంత వేగంగా నీటిని ఆవిరి చేస్తుంది, కింది నుంచి అంత వేగంగా ఉప్పునీటిని పీల్చుకుంటుంది. సింధు ఒడ్డున మొహెంజొదారోలో నాలుగు వేల ఏళ్లు దాటిన ఇటుకలను పొడి చేస్తున్నదీ ఈ ఉప్పే, ఈ ఎండే.

మరి ఆ నీరు ఎక్కడిది? వాన వాటా తక్కువే. పెద్ద వాటా మనం పోసేది. జాలాడి నీళ్లు గోడ మొదట్లోకి పోతుంటాయి. కుళాయి కారుతుంటుంది. పెరట్లో మల్లెతీగకని గోడకానించి మట్టి పోసి రోజూ బిందెడు పోస్తారు. వీటన్నిటికంటే మాయదారిది వీధి రోడ్డు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే సిమెంటు రోడ్డు, పదేళ్లకు దాని మీద ఇంకోటి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానం. కొన్ని ఇళ్లలోకి దిగి పోవాలి. వీధి నీళ్లు గోడకానుకుని నిలబడుతుంటే ఇంటి లోపల ఎన్ని పూతలు పూసినా అవి నిలవవు. ఊరు ఊరంతా ఈ రోడ్ల మందాన్ని అభివృద్ధి లెక్కలో వేసుకుంటుంది, చెమ్మ ఖర్చు మాత్రం ఇంటివాళ్లది.

వరద వచ్చిపోయిన గోడల సంగతి వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తినప్పుడు పాతబస్తీ గోడలు నిలువునా నానాయి. అంత నానిన గోడ పైకి ఆరిందంటే లోపల ఆరినట్టు కాదు. గోడ మందంలో అంగుళానికి ఒక నెల అని కట్టుబడి పనివాళ్లు వేసుకునే ముతక లెక్క ఒకటుంది. మన ఎండకు అంత పట్టకపోవచ్చు. అయినా రెండడుగుల గోడకు ఒక నిండు ఎండాకాలం చూపించకుండా రంగు వేయడం తొందరపాటే.

ఈ పాఠం మనమొక్కరమే నేర్చుకోవడం లేదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో, ఇలాంటి పొడి నేల మీదే, రాంచోస్ దె తావోస్ అనే ఊళ్లో మట్టి ఇటుకలతో కట్టిన పాత చర్చి ఉంది. ఏటేటా మట్టి మెత్తడం ఎందుకని 1967లో దానికి గట్టి సిమెంటు పూత వేశారు. పన్నెండేళ్లకు, 1979లో, పూత తీసి చూస్తే వెనకాల మట్టి ఇటుకలు నాని మెత్తబడి ఉన్నాయి. సిమెంటంతా ఒలిచేశారు. అప్పటినుంచి ఊరివాళ్లు మళ్లీ ఏటేటా మట్టే మెత్తుకుంటున్నారు.

బీట చెప్పే కథ

బీటలన్నీ ఒకటి కావు. పూత మీద అల్లుకున్న సన్నటి గీతలు పూతవి, వాటితో ప్రమాదం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే బీట పునాదిది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో ఇది మామూలు. రేగడిలోని బంకమట్టి పొరల మధ్యకు నీరు దూరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం పొలంలో కాలు దూరేంత నెర్రెలిచ్చేది, పునాది కింద కూడా ఇచ్చేది, ఆ మట్టే. ఇంటి నడుమ నేల ఏడాదంతా ఒకే తీరున ఉంటుంది. అంచుల నేల మాత్రం ఎండావానలకు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ తేడాను గోడ భరించలేక మూలల్లో చీలుతుంది.

అటువంటి బీటలో సిమెంటు కూరడానికి ముందు అది బతికున్నదో లేదో చూడాలి. బీటకు అడ్డంగా రెండు వైపులా పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టి, నడుమ దూరం కొలిచి, తేదీ గోడ మీదే రాసుకోండి. మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొలవండి. ఎండకు తెరుచుకుని వానకు మూసుకుంటుంటే అది రేగడి ఆట. సిమెంటుతో బిగిస్తే పక్కన ఇంకోచోట చీలుతుంది. సున్నపు ముద్దతో పూడ్చి, గోడ చుట్టూ నేల తేమ ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండేలా చూడాలి. అంటే గోడ పక్కన పెద్ద చెట్టు ఉండకూడదు, నీళ్ల గుంట ఉండకూడదు. రెండేళ్లు కొలిచినా అంకె మారకపోతే అది పాత బీట, నిశ్చింతగా పూడ్చుకోవచ్చు. ప్రతిసారీ పెరుగుతూనే పోతుంటే మాత్రం అది పెన్సిలుతో తేలే పని కాదు, ఇంజనీరు చూడాల్సిందే.

మిద్దె మీద చౌడు

రాయలసీమ మట్టి మిద్దెలో దాగున్న తెలివి నాకు ఈ అధ్యాయం మొత్తంలోకీ ముచ్చటైన విషయం. దూలాల మీద దంతెలు, దంతెల మీద ఊరిని బట్టి కట్టెపేళ్లో సన్నటి నాప బండలో పరిచి, ఆకూ అలమూ వేసి, మట్టి పోసి తొక్కి, ఆ పైన చౌడు మట్టి పరుస్తారు. మట్టి కప్పు వానకు కరిగిపోవాలి కదా? ఎందుకు కరగదు?

రైతును అడిగితే సగం జవాబు వస్తుంది: చౌడు నేలలో నీళ్లు ఇంకవు. మిగతా సగం రసాయనం చెబుతుంది. మామూలు బంకమట్టిలో రేణువులు గుంపులు గుంపులుగా ఉంటాయి, గుంపుల మధ్య సందుల్లోంచి నీరు దిగుతుంది. ఆ గుంపులను కలిపి ఉంచేది ఎక్కువగా కాల్షియం. చౌడు మట్టిలో ఆ స్థానాన్ని సోడియం ఆక్రమించి ఉంటుంది. సోడియానికి రేణువులను దగ్గరగా పట్టి ఉంచే సత్తా లేదు. తడి తగలగానే గుంపులు విడిపోయి, ఒక్కో రేణువూ విడివిడిగా తేలి, ఉన్న సందులన్నిట్లో ఇరుక్కుని దారులు మూసేస్తాయి. తొలి వాన నీరే మిద్దె మీద తలుపు వేసేస్తుందన్నమాట. తర్వాతి నీరు జారి తూము పట్టి పోవలసిందే. పొలంలో చౌడుకు జిప్సం వేయడం కూడా ఈ లెక్కనే: జిప్సంలోని కాల్షియం సోడియాన్ని వెళ్లగొట్టి రేణువులను మళ్లీ గుంపులు కట్టిస్తుంది, నీరు ఇంకడం మొదలవుతుంది. పంటను చంపే గుణమే ఇంటిని కాచింది.

వేడి విషయంలోనూ ఈ మిద్దెకు వంక పెట్టలేం. అడుగు మందం మట్టిని దాటి ఎండ వేడి లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. అదే 12 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పయితే సాయంత్రానికే గది పొయ్యి మీద పెట్టినట్టుంటుంది.

ఇక దీని చేటు. వానకు చౌడు కొంత కొట్టుకుపోతుంది గనక ఏటా కొత్తది పోస్తారు. పోయినదానికంటే పోసింది ఎక్కువైతే మందం పెరుగుతూ పోతుంది. తాతలనాడు అరడుగున్న మట్టి మనవడి నాటికి అడుగు దాటుతుంది. లెక్క వేసి చూడండి. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పున్న గది మీద 30 సెంటీమీటర్ల మందం మట్టి ఉంటే దాని బరువు దాదాపు 6 టన్నులు. ముసురు పట్టి ఆ మట్టి నానితే ఇంకో టన్ను దాకా చేరుతుంది. కట్టిన కాలంలో ఆ దూలాలు మోసింది ఇందులో సగమే.

దూలం కూడా అప్పటి దూలం కాదు. దూలం బలం దాని నిలువు మందానికి వర్గంగా పెరుగుతుంది, తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల దూలాన్ని చెదలూ పుచ్చూ తినేసి 14 సెంటీమీటర్లు మిగిల్చాయనుకోండి, పోయింది మూడో వంతుకు తక్కువే అనిపిస్తుంది. బలం మాత్రం సగానికి పడిపోతుంది. అదీ నడుమ కాదు, గోడలోకి దూరిన చివరలు ముందు పుచ్చుతాయి. అక్కడ చెమ్మ ఉంటుంది, గాలి ఆడదు, మనిషి కంటికి కనపడదు. 2024 జూన్‌లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలంలో మట్టి మిద్దె కూలి, నిద్రలో ఉన్న ఒకే కుటుంబం నలుగురూ చనిపోయారు. తొలకరి, ముసురు రోజుల్లో జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త కనపడని ఏడాది అరుదు.

మిద్దె కురుస్తోందని పైన సిమెంటు కాంక్రీటు పోయించేవాళ్లున్నారు. పాత ఇంటికి చేయగల అపకారాల్లో దీనికే మొదటి స్థానం ఇస్తాను. బరువు మీద బరువు. ఎండకు అది సాగుతుంది: పది మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. నెలలో నెర్రెలిస్తుంది. నెర్రెల్లో దిగిన నీరు కింద మట్టిలో బందీ అవుతుంది. చౌడుకు తనంతట తాను మూసుకునే గుణం ఉంది, కాంక్రీటుకు లేదు. పైగా ఏటా మిద్దెక్కి చూసే అలవాటు కూడా ఆ రోజుతో పోతుంది.

కాంక్రీటు కప్పే కావాలనుకుంటే మట్టంతా దించేసి కొత్తగా వేయించడం వేరే సంగతి. 12 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలే తూగుతుంది, అడుగు మందం మట్టి 500 కిలోల పైమాట. కాబట్టి బరువు కాదు సమస్య. సాగి ముడుచుకునే ఆ స్లాబు మట్టిగోడ నెత్తిన ఎలా ఆనుతుందన్నది సమస్య. అది తెలిసినవాళ్ల చేతే చేయించాలి.

మన చేత్తో ఎంతదాకా

మొదటి పని పార పని. గోడకానుకుని పెరిగిన మట్టిని ఇంటి నేల మట్టానికి కనీసం జానెడు కిందికి దించండి. జాలాడి గొట్టాన్ని గోడకు దూరంగా మళ్లించండి. మిద్దె తూము గోడ మీద కారకుండా రెండడుగులు బయటికి పొడిగించండి. 12 చదరపు మీటర్ల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ తూములోంచి పోయేది 600 లీటర్లు, చౌడులోని ఉప్పుతో సహా. ఇక్కడితోనే చాలా ఇళ్లలో చెమ్మ గీత ఒక ఏడాదిలో దిగుతుంది.

తర్వాత ఊడుతున్న సిమెంటును చెమ్మ గీతకు రెండడుగుల పైదాకా ఒలిచేయాలి. బలంగా కొడితే లోపలి రాళ్లు కదులుతాయి, కాబట్టి చిన్న సుత్తి, ఉలితో నిదానంగా. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చి, ఎత్తి దూరంగా పారేయండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఒలిచి ఎండాకాలమంతా గోడను అలా వదిలేయండి. చుట్టాలొస్తే బాగుండదని తొందరపడొద్దు.

పూత వేయడానికి ఎండాకాలం పనికిరాదు. సున్నం గాలిని పీల్చుకుని రాయి కావాలంటే దాంట్లో కొంత తడి ఉండాలి. మన మే ఎండకు అది రాయి కాకముందే ఎండి పొడవుతుంది. కార్తీకం, మార్గశిరం మంచివి. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. ఒక్కో పొర అర అంగుళానికి మించకుండా. గోనెపట్టలు వేలాడదీసి కొన్నాళ్లు నీళ్లు చిలకరిస్తూ. పాతకాలంలో గానుగలో తిప్పి కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. అది దొరక్కపోతే బాగా నానబెట్టి, వీలైనన్ని రోజులు ఊరనిచ్చిన సున్నం చాలు. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, సున్నం కంట్లో పడితే చూపు పోతుంది. పైన ప్లాస్టిక్ రంగులు వేస్తే చేసిన పనంతా వృథా, సున్నమే కొట్టండి.

కలిపే నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, ఇనుము లేని కాంక్రీటుకు 2000 దాకా పరవాలేదని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఉప్పటి బోరు నీళ్లతో పూత కలిపితే ఆ ఉప్పును మన చేత్తోనే గోడలో పెట్టినట్టు. కుళాయి నీళ్లో, పట్టుకున్న వాన నీళ్లో వాడండి.

పని ముగిశాక నాప బండల మీద సున్నం, సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోస్తారు. బుసబుస పొంగేది మరక ఒక్కటే కాదు, బండ కూడా. అది సున్నపురాయి కదా. నునుపు పోయి మచ్చలు పడితే మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. తడిగుడ్డ, చెక్కపేడుతో ఓపికగా గీకడమే సరైన పని.

చెదల మట్టి గొట్టాలు కనిపిస్తే ఒకచోట తుంచి వారం తర్వాత చూడండి. మళ్లీ కట్టుకుంటే లోపల అవి బతికే ఉన్నాయి, దగ్గర్లో చెమ్మ కూడా ఉంది. చెమ్మ తీయకుండా మందు ఒక్కటే కొడితే అవి తిరిగి రావడానికి ఎంతో కాలం పట్టదు.

కొన్నిటికి మాత్రం చేయి పెట్టకండి. మిద్దె మీద మట్టి తగ్గించడం ఒక్కరి పని కాదు. ముందు కింద దూలాలకు గుంజలు ఊతం పెట్టించి, రెండు పక్కల నుంచి సమానంగా, తవ్విన మట్టిని మిద్దె మీదే కుప్ప పోయకుండా దించాలి. మట్టిగోడలో కరెంటు పైపుల కోసం మిషనుతో అడ్డంగా గాడి కొట్టించకండి. వైర్లు బయట నుంచి పోయినా ఇల్లు నిలబడుతుంది.

ఒక్క పని మాత్రం ఈ పుస్తకం పక్కన పెట్టి ఇవాళే చేయండి. నిచ్చెన వేసుకుని ప్రతి దూలాన్నీ గోడలోకి దూరే చోట దబ్బనంతో పొడిచి చూడండి. గట్టి కర్రలో దబ్బనం కొన మాత్రమే దిగుతుంది. అంగుళం సులువుగా దిగినా, తడితే బోలు మోత వచ్చినా, ఆ దూలం కింద మంచం వేయకండి. మృగశిర కార్తె వచ్చేలోగా గుంజ ఊతం పెట్టించి, ఇంజనీరుకు చూపించండి. అప్పటిదాకా పిల్లల పడక వేరే గదిలోకి మార్చండి.